తొమ్మిదిన్నరకీ పదికీ మధ్య

మా ఆఫీసులో లిఫ్ట్ చెడిపోతే వచ్చే మెకానిక్‌ని అందరూ చెవులాయన అంటారు. చెవులు పెద్దవని కాదు. వచ్చీ రాగానే ఆయన డబ్బా తెరవడు, మీటర్లు తగిలించడు. మూసి ఉన్న లిఫ్ట్ తలుపుకి చెవి ఆనించి, ఒకసారి పైకీ ఒకసారి కిందికీ నడిపించమంటాడు. కళ్ళు మూసుకుని వింటాడు. "నాలుగో అంతస్తు దాటాక పట్టాలకి నూనె అందడం లేదు" అనో, "బ్రేకు ఒకవైపే అరిగింది" అనో తేల్చేస్తాడు. పందొమ్మిదేళ్ళుగా అదే పని. నలభై దాటిన మనిషి. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక పొట్టి పెన్సిలు, నూనె మరకల నోటు పుస్తకం.

ఆయన కూతురి సంగతి నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది, లిఫ్ట్ చెడినప్పుడల్లా ఒక ముక్క. మిగతాది ఆయన భార్య చెప్పింది. అన్నీ కలిపి వరసగా చెబుతాను.

పాపకి అసలు పేరు ఉంది గానీ ఇంట్లో ఎవరూ వాడరు. బొంగరం అంటారు. నిలబడ్డ చోటే గిరగిరా తిరుగుతూ ఉంటుంది. ఎంత తిరిగినా దానికి కళ్ళు తిరగవు. చూసేవాళ్ళే గోడ పట్టుకోవాలి. అలాంటి పిల్ల, పక్కింట్లో మిక్సీ వేస్తే మంచం కిందికి దూరుతుంది. కుక్కర్ విజిల్ వస్తే చెవులు మూసుకుని అరుస్తుంది. చొక్కా మెడ దగ్గరుండే చిన్న గుడ్డ ముక్క ఒంటికి తగిలితే చొక్కానే విప్పి పారేస్తుంది. గోళ్ళు తీయాలంటే ఆ ఇంట్లో చిన్న యుద్ధం. అదే పిల్లని పరుపు కింద పెట్టి పైన నాలుగు దిళ్ళు వేసి వాళ్ళ నాన్న మెల్లగా ఒత్తితే, హాయిగా నవ్వుతూ అరగంట పడుకుంటుంది.

వాళ్ళు చూపించుకునే డాక్టరమ్మ ఒకరోజు విడమరిచి చెప్పింది. "మనందరి చెవుల దగ్గరా ఒక కాపలావాడు ఉంటాడనుకోండి. అక్కర్లేని చప్పుళ్ళని బయటే ఆపేస్తాడు. మీ పాప దగ్గర ఆ కాపలావాడు లేడు. అన్నీ ఒకేసారి తోసుకుంటూ లోపలికొస్తాయి. ఒంటికి తగిలేవి కూడా అంతే. పిల్ల మొండిది కాదు, దానికి నిజంగానే నొప్పి."

ఇంటికి వచ్చాక చెవులాయన భార్యతో అన్నాడట, "నా చెవులే దానికి వచ్చాయి. నాకు మూత ఉంది, దానికి లేదు. అంతే తేడా."

ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. రోజంతా ఎవరి ముక్కుకి ఏ ఫ్రేము సరిపోతుందో చూసే మనిషి. మాట తక్కువ, లెక్క ఎక్కువ. "మూత ఎక్కడ దొరుకుతుందో చెప్పండి, కొనుక్కొద్దాం," అంది.

వాళ్ళు ఉండే చోటు నుంచి బడికి వెళ్ళే బస్సు ఒక పెద్ద వంతెన మీదుగా పోతుంది. అక్కడి నుంచి చూస్తే ఊరి చివర ఆటల పార్కు కనిపిస్తుంది. అన్నిటికంటే ఎత్తుగా ఎర్రటి ఇనుప పట్టాలు, వాటి మీద మెలికలు తిరుగుతూ పోయే రోలర్ కోస్టర్. బొంగరం దాన్ని మెలికల రైలు అంటుంది. వంతెన రాగానే కిటికీకి ముక్కు ఆనించి కూర్చుంటుంది. దానికి ఏడు బండ్లున్నాయనీ, రెండు పెద్ద మెలికలు, ఒక చిన్న మెలిక ఉన్నాయనీ, చిన్న మెలిక దగ్గర చివరి బండి ఒక్క క్షణం ఊగుతుందనీ దానికి కంఠతా వచ్చు. ఇంట్లో కాగితం దొరికితే చాలు, అదే బొమ్మ. కరెంటు బిల్లు వెనక అదే, వాళ్ళమ్మ దుకాణం కవర్ల మీద అదే.

ఎనిమిదో పుట్టినరోజుకి ఏం కావాలని అడిగితే వేలు పెట్టి కిటికీలోంచి చూపించింది. "అది. లోపల కూచోవాలి."

సరేనని ముగ్గురూ బయల్దేరారు. ఆ రోజు సెలవు. గేటు దగ్గర జనం మెలికలు తిరిగిన వరసలో నిలబడి ఉన్నారు. తలల మీద స్పీకర్లు పాటలు మోగిస్తున్నాయి. పావుగంట బాగానే నిలబడింది, వాళ్ళమ్మ నడుం చుట్టూ చేతులు వేసి మొహం దాచుకుని. లోపలికి వెళ్ళేచోట ఒకమ్మాయి నవ్వుతూ దాని చేతికి కాగితం పట్టీ చుట్టి అంటించింది. అంచు గరగరలాడే పట్టీ. సరిగ్గా అదే క్షణంలో గేటు లోపల బ్యాండు వాళ్ళు డప్పు మొదలుపెట్టారు. ఎలుగుబంటి వేషం వేసుకున్న మనిషి ఒకాయన రెండు చేతులూ చాపి దాని మీదికి వంగాడు.

బొంగరం నేల మీద పడిపోయింది. పట్టీని పళ్ళతో కొరుకుతూ, తలని నేలకేసి కొట్టుకోబోతే వాళ్ళమ్మ తన చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చేతిని కొరికింది. రక్తం వచ్చినా ఆమె చెయ్యి తీయలేదు. చుట్టూ జనం మూగారు. ఒకరిద్దరు ఫోన్లు బయటికి తీశారు. వరసలో నిలబడ్డ పెద్దమనిషి ఒకాయన, "రెండు తగిలిస్తే అదే సర్దుకుంటుంది. గారాబం చేస్తే ఇలాగే నెత్తికెక్కుతారు," అన్నాడు.

వాళ్ళమ్మ తల ఎత్తి చూసింది. "మీ కళ్ళజోడు వంకరగా ఉంది బాబాయిగారూ. అందుకే సరిగ్గా కనపడట్లేదు," అంది. ఆయన చప్పున కళ్ళజోడు సర్దుకున్నాడట. ఆ మాట తలుచుకుని భార్యాభర్తలిద్దరూ తరవాత చాలాసార్లు నవ్వుకున్నారు గానీ, ఆ రోజు నవ్వు రాలేదు. చెవులాయన పిల్లని భుజాన వేసుకుని బస్టాపు దాకా పరిగెత్తాడు.

ఇంటికొచ్చాక చేతికి మందు రాసుకుంటూ ఆమె, "ఇంకెప్పుడూ దాన్ని అక్కడికి తీసుకెళ్ళొద్దు," అంది.

మర్నాడు పొద్దున బొంగరం లేచి, పళ్ళు కూడా తోముకోకుండా చెప్పులు వేసుకుని తలుపు దగ్గర నిలబడింది.

"ఎక్కడికమ్మా?"

"లోపలికి వెళ్ళలేదు నిన్న. ఇవాళ వెళ్దాం."

ఆ సాయంత్రం వంటింట్లో మొగుడూ పెళ్ళాల మధ్య మాట పెరిగింది. గొంతులు పెంచడానికి వీల్లేని ఇల్లు కదా, గుసగుసగానే పోట్లాడుకున్నారు.

"మీ పంతం కోసం దాన్ని మళ్ళీ ఏడిపించకండి," అంది ఆమె.

"పంతం నాది కాదు, దానిది. అది వద్దంటే నేనూ వదిలేసేవాణ్ణి. పొద్దున చెప్పులేసుకుని నిలబడ్డది ఎవరు?"

"నిలబడుతుంది. అక్కడికెళ్ళాక పడిపోతుంది. పట్టుకోవాల్సింది నేను."

ఆయన తనకి తెలిసిన ఒకే ఒక భాషలో మాట్లాడాడు. "కొత్త లిఫ్ట్ బిగించిన రోజే జనాన్ని ఎక్కిస్తామా? ముందు ఖాళీగా నడుపుతాం. తరవాత సగం బరువు. ఆ తరవాత పూర్తి బరువు. ఎక్కడ కీచుమన్నా ఆపి చూస్తాం. మనం మొదటి రోజే పూర్తి బరువు వేసేశాం. తప్పు దానిది కాదు, మనది."

ఆమె గిన్నెలన్నీ తుడిచి బోర్లించింది. చివరికి, "ముందు మీరు ఒక్కరే వెళ్ళి చూసి రండి. ఏదీ వదలకుండా రాసుకుని రండి. చదివి చెబుతాను," అంది.

తరవాతి సెలవు రోజున, జనం పల్చగా ఉండే వారం మధ్యలో, చెవులాయన ఒంటరిగా పార్కుకి వెళ్ళాడు. పిల్లలు లేకుండా వచ్చిన నడివయసు మనిషి పెన్సిలు పట్టుకుని స్పీకర్ స్తంభాల కింద నిలబడి కళ్ళు మూసుకుంటుంటే కాపలావాళ్ళకి అనుమానం రాదా? రెండుసార్లు ఆపి అడిగారు. "వింటున్నాను," అన్నాడు. దానితో అనుమానం ఇంకా పెరిగింది.

గేటు నుంచి రోలర్ కోస్టర్ దాకా పద్నాలుగు స్పీకర్లు. గేటు తెరిచిన పదింటికి బ్యాండు, మళ్ళీ నాలుగింటికి. ఆడవాళ్ళ మరుగుదొడ్ల బయట నిలబడితే చేతులు ఆరబెట్టే యంత్రం రొద దారిలోకి వినిపిస్తోంది. పాప్‌కార్న్ బండి దగ్గర ప్రతి ఐదు నిమిషాలకీ గంట కొడతారు. ఎలుగుబంటి వేషం మనిషి పదకొండింటికి నీళ్ళు తాగడానికి వెళ్ళి, నలభై నిమిషాలు తిరిగి రాడు. ఇవన్నీ పుస్తకంలోకి ఎక్కించి, ఆఖర్న రోలర్ కోస్టర్ కిందికి చేరాడు.

అక్కడ ఇనుప స్తంభానికి చెవి ఆనించి నాలుగు ట్రిప్పులు విన్నాడు. పని అలవాటు ఎక్కడికి పోతుంది? బండి నడిపే అమ్మాయి దగ్గరికెళ్ళి, "మూడో బండి ఎడమ చక్రం బేరింగ్ పోతోందమ్మా. ఇవాళ రేపట్లో ఇబ్బందేం లేదు గానీ, చూపించండి," అన్నాడు.

ఐదు నిమిషాల్లో షెడ్డులోంచి ఒక పెద్దావిడ వచ్చింది. యాభై ఐదేళ్ళుంటాయి. నీలం రంగు పని బట్టలు, మోచేతుల దాకా గ్రీజు. పార్కులో ఆట యంత్రాలన్నిటి మరమ్మతులకీ ఆవిడే పెద్ద.

"ఎవరయ్యా మా బండికి వంకలు పెట్టింది?"

చెవులాయన చెయ్యెత్తాడు. ఆవిడ అతన్ని కింద నుంచి పైదాకా చూసి, రైలు ఆపించి, కిందికి దూరింది. పది నిమిషాల తరవాత బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ, "మూడోది కాదు, నాలుగోది. చక్రం మాత్రం ఎడమదే," అంది. "ఏం పని చేస్తావు బాబూ?"

"లిఫ్టులమ్మా."

"అదీ సంగతి. నా కింద పనిచేసే ముగ్గురికీ లేని చెవి నీకెక్కడిదా అనుకున్నా. లిఫ్టుల దగ్గర ఉండాల్సినవాడివి కాదు, మా షెడ్డులో ఉండాల్సినవాడివి."

ఆవిడ షెడ్డులో బల్ల మీద కూర్చుని ఇద్దరూ టీ తాగారు. ఆయన కూతురి సంగతి చెప్పాడు. ఆవిడ జాలిపడలేదు. ప్రశ్నలు అడిగింది. ఎలాంటి చప్పుడు, ఎంతసేపు, పట్టుకుంటే ఒప్పుకుంటుందా. చివరికి ఆయన అడగాలనుకున్నది అడిగాడు. "పొద్దున్నే ఖాళీగా నడిపి చూస్తారు కదా?"

"ఎనిమిదింటికి మొదలు. మూడు ట్రిప్పులు ఖాళీగా, రెండు ఇసుక బస్తాలతో. తొమ్మిదిన్నరకి నేను సంతకం పెడతాను. పాటలుండవు, డప్పులుండవు, మనుషులుండరు. పిట్టల కూతలు తప్ప ఇంకేం వినపడదు. నా చేతిలో ఉంటే రేపే ఎక్కించేదాన్ని. ఆఫీసువాళ్ళు ఒప్పుకోవాలి."

ఆఫీసువాళ్ళు ఒప్పుకోలేదు. మేనేజరు కుర్రవాడే, మర్యాదస్తుడే. "మీ బాధ అర్థమైంది సార్. కానీ రూలు రూలే. ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారు," అన్నాడు. చెవులాయన నమస్కారం పెట్టి వచ్చేశాడు. పది రోజులకి డాక్టరమ్మ ఉత్తరంతో మళ్ళీ వెళ్ళాడు. మేనేజరు మీటింగులో ఉన్నాడు. సాయంత్రం దాకా బయట బల్ల మీద కూర్చున్నాడు. మీటింగు అయ్యాక వచ్చిన మేనేజరు ఉత్తరం చదివి, పైవాళ్ళకి పంపుతానన్నాడు. పైవాళ్ళ నుంచి జవాబు లేదు. మూడోసారి వెళ్ళేసరికి కాపలావాడే నవ్వుతూ, "వింటానికి వచ్చారా, అడగటానికి వచ్చారా?" అన్నాడు.

నాలుగోసారి ఆయన భార్య, "నేనూ వస్తాను," అంది. వెళ్ళి, బతిమాలకుండా, మేనేజరు ముందు కుర్చీలో కూర్చుని, "మీ రూలు ఒకసారి చదివి వినిపించండి బాబూ," అంది.

అతను పుస్తకం తీసి చదివాడు. పరీక్ష పూర్తయి, మరమ్మతుల అధికారి సంతకం పడ్డాకే ప్రయాణికుల్ని ఎక్కించాలి. టికెట్ ఉండాలి. నడిపే మనిషి స్థానంలో ఉండాలి. పిల్లలకి తగిన ఎత్తు ఉండాలి, పన్నెండేళ్ళ లోపు పిల్లల పక్కన పెద్దవాళ్ళు కూర్చోవాలి.

"సంతకం తొమ్మిదిన్నరకి పడుతుంది. టికెట్ మేం కొంటాం. నడిపే అమ్మాయి తొమ్మిదింటికే వస్తుంది, కనుక్కున్నాం. ఎత్తు సరిపోతుంది, నేనే కొలిచాను. పక్కన వాళ్ళ నాన్న కూర్చుంటారు. ఇందులో పాటలు మోగుతూ ఉండాలని ఎక్కడైనా రాసి ఉందా? గేటు బయట జనం ఉండాలని రాసి ఉందా?"

మేనేజరు పుస్తకాన్ని మళ్ళీ తిరగేశాడు. రాసి లేదు. నుదురు రుద్దుకుని, "తొమ్మిదిన్నరకీ పదికీ మధ్య. పక్క గేటు నుంచి రండి. ఒక్కసారికే, మేడమ్," అన్నాడు.

"ఒక్కసారి చాలదు. కానీ ముందు ఆ ఒక్కసారి కానివ్వండి," అంది ఆమె, లేస్తూ.

ఆ రోజుకి ఐదు వారాలు గడువు పెట్టుకున్నారు. మొదటి ఆదివారం బస్సెక్కి పార్కు బస్టాపులో దిగి, రోడ్డవతలి నుంచి చూసి, తిరుగు బస్సెక్కారు. అంతే. రెండో ఆదివారం ప్రహరీ దాకా నడిచారు. మూడో ఆదివారం పక్క గేటు దాకా వెళ్ళి గొళ్ళెం ముట్టుకుని వచ్చారు. నాలుగో ఆదివారం బొంగరం బస్సు దిగనని మొరాయించింది. చివరి స్టాపు దాకా పోయి అదే బస్సులో వెనక్కి వచ్చారు.

ఇంట్లో చెవులాయన ఒక కుర్చీకి ఇనుప గొట్టం బిగించి, దానికి మెత్తటి స్పాంజి చుట్టి, ఒళ్ళోకి దిగి నొక్కేలా చేశాడు. రోలర్ కోస్టర్ సీట్లో కదలకుండా పట్టి ఉంచే కడ్డీలాగా. అందులో కూర్చోబెట్టాడో లేదో బొంగరానికి అది సింహాసనమైపోయింది. గొట్టం ఒళ్ళోకి గట్టిగా దిగితే దానికి పరుపు కింద పడుకున్నంత హాయి. అన్నం అందులోనే, బొమ్మలు గీయడం అందులోనే. ఒకసారి వాళ్ళమ్మ అలిసిపోయి వచ్చి అందులో కూర్చుంటే, లేచేదాకా పక్కన నిలబడి గదమాయించింది.

రైలుని గొలుసు పైకి లాగేటప్పుడు వచ్చే టకటక చప్పుడుని ఆయన ఫోన్‌లో పట్టుకొచ్చాడు. మొదట పక్క గదిలో పెట్టి, సన్నగా వినిపించాడు. రోజుకి కాస్త పెంచాడు. ఏడో రోజున బొంగరం విసుగ్గా, "ఇందులో తొమ్మిది తక్కువ," అంది.

"ఏం తక్కువమ్మా?"

"టకటకలు. నువ్వు లేటుగా నొక్కావు."

రైలు ఎక్కే ఎత్తు మీద ఎన్ని అడ్డ కడ్డీలున్నాయో వంతెన మీద నుంచి చూసి చూసి, కడ్డీకో టక చొప్పున అది లెక్క కట్టిందన్నమాట. ఆయన మళ్ళీ వెళ్ళి మొదటి నుంచీ పట్టుకొచ్చాడు. సరిగ్గా తొమ్మిది ఎక్కువ.

గోడలకి రంధ్రాలు వేసేటప్పుడు ఆయన పెట్టుకునే చెవి మూతల్లాంటివే పిల్లల సైజులో ఒక జత తెచ్చారు. కాగితం పట్టీ చేతికి కాకుండా బూటు తాడుకి కట్టుకోవచ్చని మరమ్మతుల పెద్దావిడ మాటిచ్చింది.

అనుకున్న రోజు వచ్చింది. పక్క గేటు దగ్గర పెద్దావిడే నిలబడి ఉంది, ముందే చెప్పినట్టు నవ్వకుండా, పలకరించకుండా. పిల్ల తనంతట తను చూసేదాకా అలాగే ఆగింది. బొంగరం చెవి మూతలు పెట్టుకుని, ఒక చేత్తో నాన్ననీ ఒక చేత్తో అమ్మనీ పట్టుకుని నడిచింది. ఖాళీ దారి. మూసిన దుకాణాలు. చీపురు చప్పుడు. ఎర్ర పట్టాలు దగ్గరకొచ్చిన కొద్దీ దాని నడక పరుగైంది. మెట్లెక్కి, రైలు పక్కనే నిలబడి, ఒకటి నుంచి ఏడు దాకా ఒక్కో బండినీ వేలితో ముట్టుకుంది.

అప్పుడు బ్రేకు వదిలారు. గాలి బుస్సుమంది.

నోటు పుస్తకం నిండా చప్పుళ్ళు రాసుకున్న మనిషి, ఆ ఒక్కటి రాసుకోలేదు. జనం అరుపుల్లో అది ఆయనకి వినపడనే లేదు. బొంగరం నేల మీద కూలబడింది. చెవి మూతల మీద చేతులు బిగించి, మోకాళ్ళలోకి తల దూర్చి, సన్నగా మూలగడం మొదలుపెట్టింది. చెవులాయన గడియారం చూశాడు. తొమ్మిదీ ముప్ఫై ఎనిమిది. "ఇంక చాలు. ఎత్తుకుని వెళ్ళిపోదాం. తప్పు నాదే," అన్నాడు.

మొదట వద్దన్న అతని భార్యే ఇప్పుడు అతని చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆగండి. అది మెట్ల వైపు తిరగలేదు. వెళ్ళిపోవాలనుకుంటే మెట్ల వైపు పరిగెత్తేది." ఆమె కూతురి వెనక కూర్చుని, రెండు చేతులతో భుజాల్ని గట్టిగా, కదలకుండా పట్టుకుంది. నడిపే అమ్మాయి ఊపిరి కూడా మెల్లగా తీసుకుంది.

ఐదు నిమిషాలకి మూలుగు ఆగింది. పెద్దావిడ కాస్త దూరంలో నేల మీద చతికిలబడి, పిల్లకి కనపడేలా తన చెయ్యి పైకెత్తింది. "ఆ బుస్సు నేనే చేయిస్తాను. నువ్వు చెయ్యి పైకి పెట్టి ఉంచినంతసేపూ అది రాదు. నువ్వు చెయ్యి దించితేనే వస్తుంది. నీ ఇష్టం."

బొంగరం ఒక కంటితో చూసింది. చాలాసేపటికి చెయ్యెత్తింది. ఏమీ రాలేదు. ఇంకా ఎత్తే ఉంచింది. ఏమీ రాలేదు. మెల్లగా దించింది. బుస్సు. ఒళ్ళు జలదరించింది గానీ తల దూర్చలేదు. మళ్ళీ ఎత్తింది. దించింది. బుస్సు. ఆరోసారికి లేచి నిలబడింది. ఏడోసారి, మాటిచ్చినట్టే వస్తుందో లేదోనని, చెయ్యి సగం దించి ఆపింది. రాలేదు. పూర్తిగా దించింది. వచ్చింది. అప్పుడు నవ్వింది.

తొమ్మిదీ యాభై.

"చివరి బండి," అంది బొంగరం. చిన్న మెలిక దగ్గర ఊగే బండి అదే కదా. వెళ్ళి కూర్చుంది. పక్కన నాన్న. కడ్డీ ఒళ్ళోకి దిగింది. బొంగరం దాన్ని ఇంకా కిందికి లాక్కుంది. పెద్దావిడ వచ్చి రెండుసార్లు లాగి చూసి, బొటనవేలు పైకెత్తింది. బొంగరం చెయ్యెత్తి, దించింది. రైలు కదిలింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పందొమ్మిదేళ్ళుగా ఇరవై అంతస్తుల లోతులోకి తొంగిచూస్తూ బతికిన చెవులాయన, జీవితంలో రోలర్ కోస్టర్ ఎక్కలేదు. ఎక్కితే తనకెలా ఉంటుందన్న ఆలోచన ఆ ఐదు వారాల్లో ఒక్కసారి కూడా ఆయన బుర్రకి తట్టలేదు. కూతురు పక్కన టకటకలు లెక్కపెడుతుంటే, శిఖరం దగ్గరికి వచ్చాక గానీ ఆయనకి తెలిసిరాలేదు. తరవాత వినిపించిన కేక పార్కు అంతటా వినపడిందని కింద నిలబడ్డ ఆయన భార్య చెప్పింది. ఆమె కంగారుగా పట్టాల వైపు రెండడుగులు వేసిందట. పెద్దావిడ భుజం మీద చెయ్యి వేసి, "పిల్ల కాదమ్మా. మీ ఆయన," అంది.

రైలు తిరిగొచ్చి ఆగింది. ఆయన కళ్ళు ఇంకా గట్టిగా మూసుకునే ఉన్నాడు. బొంగరం వెన్ను నిటారుగా పెట్టి, కళ్ళు రెండూ తెరిచి, ఎక్కడికీ కంగారు లేనిదానిలా కూర్చుని ఉంది. అలాంటి నెమ్మది దాని మొహంలో నిద్రలో తప్ప చూడలేదని వాళ్ళమ్మ చెప్పింది.

"మళ్ళీ," అంది బొంగరం. కాసేపాగి, "నాన్న వద్దు. నాన్న అరుస్తాడు. అమ్మ," అంది.

తొమ్మిదీ యాభై ఐదుకి అమ్మతో ఇంకోసారి వెళ్ళింది. ఆమె పళ్ళు బిగబట్టి, ఒక్క చప్పుడు కూడా చేయకుండా వెళ్ళొచ్చింది. కిందికి దిగాక మెట్ల మీద కూర్చుని, ఎవరికీ కనపడకుండా కళ్ళు తుడుచుకుంది. పదింటికి పాటలు మొదలయ్యే లోపల ముగ్గురూ పక్క గేటు దాటాలి. రెండు నిమిషాలు ఆలస్యమైంది. దారి మధ్యలో ఉండగానే పద్నాలుగు స్పీకర్లూ ఒక్కసారిగా మోగాయి. బొంగరం ఆగి, మూతలు చెవులకేసి అదుముకుని, కళ్ళు నేలకి దించి, తన కాళ్ళ మీద తను గేటు దాకా నడిచింది. బస్సులో మాత్రం ఇల్లు చేరేదాకా ఏడ్చింది. ఇంటికి వెళ్ళి పరుపు కింద దూరి, సాయంత్రం దాకా బయటికి రాలేదు. రాత్రికి లేచి రెండు పళ్ళాల అన్నం తింది.

ఒక్కసారి అన్నది ఒక్కసారితో ఆగలేదు. వాళ్ళమ్మ వారం తిరక్కుండా మేనేజరు దగ్గరికి మళ్ళీ వెళ్ళింది, ఈసారి డాక్టరమ్మ దగ్గరికి వచ్చే ఇంకో మూడు కుటుంబాల తల్లుల్ని వెంటబెట్టుకుని. పెద్దావిడ కూడా తన గ్రీజు చేతులతో వచ్చి ఆఫీసు బల్ల మీద ఆనుకుని నిలబడింది. ఇప్పుడు నెలకి ఒక పొద్దున, సంతకం పడ్డాక అరగంట, ఆ పక్క గేటు తెరుస్తున్నారు. బోర్డేమీ పెట్టలేదు. తెలిసినవాళ్ళు వస్తారు. కొన్ని నెలల్లో బొంగరం మూడుసార్లు ఎక్కుతుంది. ఒక నెల బస్సు దిగలేదు. చివరి స్టాపు దాకా పోయి వచ్చారు.

కుక్కర్ విజిల్ ఇప్పటికీ పడదు. గోళ్ళ యుద్ధం సాగుతూనే ఉంది. పట్టాలెక్కిందని పిల్ల మారిపోలేదు. మారింది ఏమైనా ఉంటే, తను అడిగితే ఇంట్లోవాళ్ళు కాదనకుండా దారి వెతుకుతారని దానికి తెలిసింది. అందుకే అడగడం ఎక్కువైంది.

మొన్న మా లిఫ్ట్ బాగుచేసి వెళ్తూ చెవులాయన కబురు చెప్పాడు. ఇప్పుడు బొంగరానికి ఈత కావాలట. ఈతకొలను పైకప్పు కింద ఉంటుంది, మాట్లాడిన ప్రతి మాటా నాలుగు గోడలకీ తగిలి నాలుగు మాటలై తిరిగొస్తుంది. దానికి తోడు నేర్పే మాస్టారి విజిల్. ఆయన అప్పటికే రెండు రోజులు పొద్దున్నే వెళ్ళి, బట్టలు విప్పకుండా, నీళ్ళలో దిగకుండా గట్టు మీద నిలబడి విన్నాడట.

రెండో రోజు మాస్టారు దగ్గరికొచ్చి, "మీరు నేర్చుకోవడానికి వచ్చారా, పిల్లల్ని చేర్చడానికి వచ్చారా?" అని అడిగాడు.

"ముందు మీ విజిల్ సంగతి మాట్లాడదామని వచ్చాను సార్. కూర్చుందామా?" అన్నాడు చెవులాయన.